ఆమె మాట్లాడుతుంటే నేను ఊరికే నిలబడ్డాను

ఆ అమ్మాయి అసిస్టెంట్ ఇంజనీరుగా మా ఆఫీసులో చేరిన రోజే మనసులో ఒకటి అనుకున్నాను, నాకు జరిగినట్టు ఈమెకు జరగనివ్వకూడదని.

పల్లెలకు తాగునీళ్లు అందించే పనిలో నేను చేరినప్పుడు మా సబ్ డివిజన్ మొత్తానికి ఆడ ఇంజనీరును నేనొక్కదాన్నే. అప్పటి మా పై అధికారి డీఈ గారు మంచివారు. ఆ మంచితనంతోనే నన్ను జీపు ఎక్కనిచ్చేవారు కాదు. "ఎండలో నీకెందుకమ్మా కష్టం? నువ్వు ఎస్టిమేట్లు రాయి, ఊర్లు మేం చూసుకుంటాం. నీ మంచికే చెప్తాండా" అనేవారు. మూడేళ్లు ఎస్టిమేట్లు రాశాను. ఆ తర్వాత మొదటిసారి ఒంటరిగా ఒక ఊరికి వెళ్తే, బోరు చుట్టూ మూగిన జనాన్ని చూసి నాకు నోరు పెగల్లేదు. చివరికి ఆ ఊరి పంపు ఆపరేటరు నా తరఫున మాట్లాడి పంపించాడు. ఆ రోజు జీపులో కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు పెనుకొండలో నేనే డీఈని. ఇంకో ఏడాదిన్నర సర్వీసు ఉంది. ఆ అమ్మాయిది హిందూపురం. వాళ్ల నాయనకు మోటారు వైండింగ్ షాపు ఉంది. "స్కూలు నుంచి రాగానే నాయన పక్కన కూర్చొని రాగితీగ చుట్టేదాన్ని మేడమ్. ఆయన నమాజుకు పోతే షాపు నేనే చూసుకునేదాన్ని" అని మొదటి వారంలోనే చెప్పింది. కాలిన మోటారును వాసన చూసి, ఎక్కడ కాలిందో చెప్పగలదు. నాకు అది ఇప్పటికీ రాదు.

ఆమెను వెంటబెట్టుకుని అన్ని ఊర్లూ తిప్పాను. పొద్దున్నే కడుపునిండా తిని బయలుదేరమన్నాను. ఏ ఊరికి పోయినా సర్పంచి ఇంటికంటే ముందు ట్యాంకు దగ్గరికి పోయి చూడమన్నాను. మడకశిర వైపు ఒక పల్లెలో ఆడవాళ్లు కన్నడంలో గొడవ పెట్టుకుంటే నేను తడబడ్డాను. ఆమె వాళ్ల భాషలోనే నవ్వుతూ జవాబిచ్చింది. అది చూసి ముచ్చటపడ్డాను కానీ, అప్పుడైనా ఆమెను ఒంటరిగా ఊర్లకు పంపాలని నాకు తోచలేదు.

నేను పదేపదే చెప్పిన సూత్రం ఒకటుంది. జనం ముందు ఎప్పుడూ తప్పు మాదని ఒప్పుకోవద్దు. విచారిస్తాం, పైకి రాస్తాం అను. ఒక్కసారి ఒప్పుకున్నావంటే ఇక నిన్ను వదలరు.

ఫిబ్రవరిలో ధర్మవరంలో రివ్యూ మీటింగ్ జరిగింది. పై అధికారి సోమందేపల్లి మండలం గురించి అడిగారు. అది ఆమె మండలం. ఆమె లేచి నిలబడింది, కాగితం తీసింది. ఈలోపు నేను జవాబు చెప్పేశాను. రెండో ప్రశ్నకూ అంతే. మూడోసారి ఆమె లేవనే లేదు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో చాలాసేపు బయటికి చూస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది.

"మేడమ్, నాకు జవాబు తెలీదనుకున్నారా?"

"లేదే. నీకు తెలుసని నాకు తెలుసు."

"మరి ఏంటికి చెప్పనీయలేదు?"

"కొత్తదానివి. ఆయన కోపిష్టి. నీ మంచికే..." అంటూనే ఆగిపోయాను. ఆ మాట ఎవరి నోట విన్నానో గుర్తొచ్చింది.

గుర్తొచ్చినంత మాత్రాన మనిషి మారడు. నేనూ మారలేదు. ఆమె రాసిన ఎస్టిమేట్లను నా పద్ధతిలో దిద్దుతూనే ఉన్నాను.

ఏప్రిల్ చివర్లో ఒక రోజు మోకాలు చూపించుకోవడానికి సెలవు పెట్టి హిందూపురం బస్సెక్కాను. సోమందేపల్లి దగ్గర పడుతుండగా బస్సు ఆగింది. ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. కండక్టరు దిగి చూసొచ్చి, "రాస్తారోకో చేస్తాండారు. నీళ్లు లేవంట" అన్నాడు.

వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను, కట్ చేసింది. ఇక బస్సులో కూర్చోలేక, దిగి కుంటుకుంటూ లారీల పక్కన నడిచాను.

రోడ్డుకు అడ్డంగా ఖాళీ బిందెలు పేర్చి ఉన్నాయి. యాభై అరవై మంది ఉంటారు, ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్ల మధ్యలో ఆ అమ్మాయి, తల మీద చున్నీ కప్పుకుని, చెప్పులు తారుకు అంటుకుపోయేంత ఎండలో నిలబడి ఉంది. ఒక కానిస్టేబుల్ ఆమెను పక్కకు రమ్మంటున్నాడు. ఆమె కదల్లేదు. నేను జనం వెనక, టైర్ల షాపు పందిరి కింద ఆగాను.

"ఐదు దినాలాయ! ఈడ ఒక్కరిదన్నా బిందె తడిసిందేమో చూడు" అని ఒక అవ్వ బిందె ఎత్తి చూపించింది.

తలకు టవలు చుట్టుకున్న ఒక పెద్దమనిషి ముందుకొచ్చాడు. "మోటారు కాలిందంటావు. ఎన్నిసార్లు కాల్తుందమ్మా మీ మోటారు?"

"ఇది మూడోసారి" అంది ఆమె. గొంతు పెంచలేదు. "మీ ఊర్లో వోల్టేజీ తక్కువ వస్తాండాది. కాయిల్ వేడెక్కి కాల్తాంది. వైండింగ్ చేయించినా పది పదిహేను దినాలే నడుస్తాది. తక్కువ వోల్టేజీకి తట్టుకునే కొత్త మోటారు కావాల. దానికి నేను కాగితం పెట్టినా. అది మా ఆఫీసులోనే ఆగిపోయింది. తప్పు మాదే."

ఇన్నాళ్లు నేను చెప్పిన సూత్రాన్ని ఒక్క మాటతో పక్కన పెట్టేసింది. ఇక అయిపోయింది, ఈమెను బతకనివ్వరు అనుకున్నాను. మరుక్షణమే ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ కాగితం ఆగింది నా టేబుల్ మీద. నా పద్ధతిలో తిరగరాద్దామని పక్కన పెట్టి, తీరిక లేక ఎనిమిది రోజులు అలాగే ఉంచేశాను.

"ఎవురి దగ్గర ఆగింది? పేరు చెప్పు" అన్నాడు పెద్దమనిషి.

అప్పుడే ఆమె నన్ను చూసింది. నేను చెయ్యెత్తి ఒక అడుగు ముందుకేశాను. ఆమె తల అడ్డంగా ఊపింది, నాకు మాత్రమే తెలిసేంత చిన్నగా. నేను ఆగిపోయాను.

"ఆఫీసు నాది గూడా కదా అన్నా. నా దగ్గరే ఆగిందనుకోండి."

అవ్వ బిందె కింద పెట్టింది. "తప్పు మాదని చెప్పినోళ్లను ఇప్పుడే చూస్తాండా. సరే, నీళ్లెప్పుడొస్తాయో అది చెప్పు తల్లీ."

"పన్నెండు లోపల రెండు ట్యాంకర్లు వస్తాయి. మోటారు హిందూపురంలో వైండింగ్‌కు ఇచ్చినా, రేపు సాయంత్రానికి బిగిస్తాం. అది మళ్లీ కాలేలోగా కొత్తది తెస్తా. ట్యాంకర్లు వచ్చేదాకా నేను మీ ఊర్లోనే ఉంటా. ఇప్పుడు బస్సులను పోనీండి. ఆసుపత్రులకు పోయే ముసలోళ్లు ఉంటారు దాంట్లో."

చివరి మాట అంటూ నా వైపు చూడకుండా ఉండలేకపోయింది. అంత కంగారులోనూ నాకు నవ్వొచ్చింది.

ఒక్కొక్కరే బిందెలు తీసుకున్నారు. లారీలు కదిలాయి. నా బస్సు కూడా నన్ను దాటి వెళ్లిపోయింది. నేను టైర్ల షాపు బల్ల మీద కూలబడ్డాను. ఎన్నేళ్లుగా భుజాల మీద మోస్తున్నానో తెలియని బరువేదో దిగినట్టయింది. ఆమెకు నేను అవసరం లేదు. ఆ సంగతి నన్ను బాధపెట్టాలి కదా, హాయిగా ఉందేమిటా అనిపించింది.

పన్నెండుకు పది నిమిషాలు ఉండగా ట్యాంకర్లు వచ్చాయి. అవి ఖాళీ అయ్యాక ఇద్దరం రోడ్డు పక్క హోటల్లో ఉగ్గాని తిన్నాం. నేనే మొదలుపెట్టాను.

"ఆ కాగితం నా టేబుల్ మీద ఉంది."

"తెలుసు మేడమ్."

"మరి నన్ను అడగలేదేం?"

ఆమె ప్లేటు వైపు చూస్తూ చెప్పింది. "రెండుసార్లు మీ రూము దాకా వచ్చి తిరిగి పోయినా. ఎస్టిమేట్ బాగలేదంటారేమోనని భయం. అడగకపోవడం నా తప్పే."

"అంత జనంలో భయపడని దానివి, నేనంటే భయమా?"

"అవును మేడమ్" అంది వెంటనే. అని, నాలుక కరుచుకుంది. తర్వాత ఇద్దరం నవ్వాం. నా నవ్వులో సిగ్గు కూడా ఉంది.

"తప్పైంది" అన్నాను. నా కింద పనిచేసే వాళ్లతో ఆ మాట అనడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

ఆమె కంగారుపడి మాట మార్చింది. "మోటారు మా నాయన షాపుకు ఇయ్యలేదు మేడమ్. ఇస్తే రేపు ఎవరైనా ఒక మాటంటారని ఎదురుగా ఉండే షాపులో ఇచ్చినా. నాయన అలిగి నిన్నటి నుంచి మాట్లాడటంలేదు."

ఇది నేను నేర్పలేదు. నేర్పాలని కూడా నాకు తట్టలేదు.

నేను పెనుకొండకు తిరిగి వెళ్లి ఆ ఫైలు చూస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. "రేపు చూడండి. ఈ పొద్దు మోకాలు చూపించుకోండి" అని చెయ్యి పట్టుకుని హిందూపురం బస్సు ఎక్కించింది. కిటికీ పక్కన సీటు దొరికింది. హిందూపురం స్టాండులో కండక్టరు తట్టి లేపేదాకా నిద్రపోయాను.

మరుసటి రోజు ఆమె ఎస్టిమేట్ ఆసాంతం చదివాను. వోల్టేజీ లెక్క నేను వేసేదానికంటే శుభ్రంగా వేసింది. ఒక్క అక్షరం దిద్దకుండా సంతకం పెట్టి, ఫైలు నేనే తీసుకెళ్లి ఆమె టేబుల్ మీద పెట్టాను.