గ్రాఫైట్ ఎక్కువైన లైనరు

కూర్మయ్యది నరసన్నపేట. ఇరవై ఏళ్లు లారీ నడిపాడు. భార్య పోయాక దూరపు ట్రిప్పులు మానేసి, శృంగవరపుకోట దగ్గర, చక్రానికి ఒరుసుకుని బండిని ఆపే బ్రేకు లైనర్లు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో చేరాడు. కొత్త లైనర్లు బిగించిన లారీకి ఇసుక బస్తాలు ఎత్తి, అనంతగిరి ఘాటులో దింపి చూడడం అతని పని. పరీక్ష బండిలో రెండో మనిషి ఎక్కకూడదు. క్లీనర్ల కబుర్లకు అలవాటుపడినవాడు మొదట్లో తనలో తానే మాట్లాడుకునేవాడు. తర్వాత అదీ మానేశాడు. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి.

మొన్న వేసవిలో, లైనర్లు కీచుమంటున్నాయనీ తొందరగా అరిగిపోతున్నాయనీ లారీలవాళ్లు గోలపెడితే, మిశ్రమంలో గ్రాఫైట్ పొడి పెంచారు. నున్నటి పొడి అది, రాపిడిని తగ్గిస్తుంది. చప్పుడు పోయింది, అరుగుదల సగమైంది. అందరూ సంతోషించారు. కూర్మయ్య మాత్రం లైనరు బాగుందనే కాగితం మీద సంతకం పెట్టలేదు. మిశ్రమం పాళ్లు చూసే ఇంజనీరు హేమ కారణం అడగడానికి షెడ్డుకు వచ్చింది.

"సప్పుడు నేదమ్మా, నిజమే. బండీ ఆగడం నేదు," అన్నాడు.

"ఎంత తేడా?"

"వేడెక్కితే రెండు బారలు ముందుకెల్లిపోతన్నాది. కాలికి తెలుస్తాది."

కాలికి తెలిసింది రిపోర్టులో రాయలేనంది హేమ. అయినా మేనేజరును ఒప్పించి, మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని లారీ ఎక్కింది. ఘాటు నాలుగుసార్లు దిగారు. నాలుగోసారి, అదే వేగానికి, బండి మొదటిసారికన్నా పన్నెండడుగులు ఎక్కువ జారి ఆగింది. చక్రం విప్పితే లైనరు నల్లగా, అద్దంలా మెరుస్తోంది. ఎక్కువైన పొడి పొరకట్టి పట్టు తీసేసిందని ఆమె చెప్పింది. కూర్మయ్యకు తను గెలిచానన్న ధ్యాసే లేదు. దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. పెళ్లైన కొత్తలో భావనపాడు సముద్రంలో కాళ్లు తడుపుకోవడానికి భార్య ఎంత భయపడిందో కూడా చెప్పాడు. హేమ అంకెలు రాసుకుంటూ ఊకొట్టింది.

గ్రాఫైట్ తగ్గించి, మూడుసార్లు పాళ్లు మార్చాక లైనరు కుదిరింది. కొంచెం కీచుమంటుంది, ఆగాల్సినచోట ఆగుతుంది. కూర్మయ్య సంతకం పెట్టాడు. ఇక తను రానక్కర్లేదని హేమ నవ్వుతూ చెప్పింది. ఇంకొక్కసారి రమ్మని అడగాలనుకుని, ఊరుకున్నాడు.

వానలు పడేనాటికి ఆమె విశాఖలో వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. ఒకరోజు కూర్మయ్య చక్రాలు చల్లారాలని ఘాటులో బండి ఆపి, మొక్కజొన్న కంకులు కాల్చే ఈశ్వరికి ఆ లైనరు సంగతి మొదలుపెట్టాడు. ఆమె రెండు మాటలు విని, వాన వస్తన్నాదని బొగ్గుల కుంపటి ఎత్తుకుని పాకలోకి వెళ్లిపోయింది.