ఎత్తు పెంచే మోత

టైలరమ్మ తమ్ముడికి ఒక్కటే పిచ్చి. ఎవరు ఏ బాధ చెప్పినా వాళ్ల చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించేస్తాడు. కుడి చెవిలో ఒక మోత, ఎడమ చెవిలో దానికి కాస్త తేడాగా ఇంకో మోత. రెండూ కలిసి బుర్రలో మూడో మోత పుడుతుందట. ఆ మూడోది నిద్ర పట్టిస్తుందట, జుట్టు మొలిపిస్తుందట, ఎముకలు సాగదీస్తుందట.

పాలవాడి నడుం నొప్పికి పెట్టాడు. ఇంటి ఓనరు బట్టతలకి పెట్టాడు. వాడిపోతున్న గులాబీ మొక్కకి చెవులెక్కడుంటాయో తెలియక రెండు కొమ్మలకి చెరొకటి తగిలించాడు.

"బతికిందా?" అని అడిగింది టైలరమ్మ.

"ప్రశాంతంగా పోయిందక్కా."

అంతవరకూ ఆవిడ పళ్లు కొరుక్కుని ఊరుకుంది. వాడి పిచ్చి తన కూతురి దాకా వచ్చేసరికి మాత్రం ఒళ్లు మండిపోయింది. పిల్ల క్లాసులో అందరికన్నా పొట్టి. వాలీబాల్ అంటే ప్రాణం. ఆ సాయంత్రమే స్కూల్లో జట్టు ఎంపిక. "నేను వెళ్లను" అని, మామయ్య ఇచ్చిన నీలం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కుట్టుమిషన్ పక్క మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

తమ్ముడు తాను పనిచేసే కలప కోతమిల్లు నుంచి రాగానే టైలరమ్మ విరుచుకుపడింది.

"దానికి లేనిపోని ఆశలు పెట్టకురా. మోతలకి మనిషి పెరిగితే మీ మిల్లువాళ్లంతా కరెంటు స్తంభాలంత అయ్యుండాలి."

"ఆ మోత వేరు, ఈ మోత వేరక్కా."

"ఏదీ, నేనూ వింటాను. నేనూ పెరుగుతాను."

పిల్ల తలమీంచి లాక్కుని తన చెవులకు పెట్టుకుంది. వీధి మాయమైంది. ఫ్యాను చప్పుడు మాయమైంది. తమ్ముడి పెదాలు కదులుతున్నాయి గాని మాట లేదు.

"ఏమీ రావట్లేదేం?" అని కేకపెట్టింది.

తమ్ముడు ఒక పక్క మెల్లగా ఎత్తాడు. "ఎలా వస్తుంది? రంపం మోత వినపడకుండా మిల్లులో మాకిచ్చే చెవి డిప్పలివి. రంగు నేనే వేశాను."

"మరి ఎత్తు పెరిగే మోతలన్నావు?"

"అవి నా దగ్గరున్నాయి. కానీ దీనికి మోత తగ్గాలనిపించింది. బట్టలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లూ 'ఇంకా ఇంతేనా పిల్ల?' అంటారు. నువ్వేమో వెంటనే టేపు తీసి వాళ్ల ముందే దాన్ని కొలుస్తావు. వినపడకపోతే కాసేపైనా తిన్నగా కూర్చుని చదువుకుంటుంది కదా అని."

టైలరమ్మ కోపం ఏమీ తగ్గలేదు. ఎవరిమీద చూపించాలో మాత్రం తెలియలేదు. సరిగ్గా అప్పుడే మందులషాపావిడ కొత్త గౌను గుడ్డతో లోపలికొచ్చింది.

"ఏమిటండీ, పిల్ల ఇంకా అంతే ఉంది?"

పిల్ల దుప్పటి ముఖమ్మీదికి లాక్కుంది. టైలరమ్మ మెడలోంచి టేపు తీసింది.

"చేతులెత్తండి," అంది మందులషాపావిడతో. చుట్టూ టేపు బిగించి, వీధి చివరికి వినపడేలా చదివింది. "నడుము. పోయినసారికన్నా మూడంగుళాలు ఎక్కువ. మా తమ్ముడి మోతలు గానీ విన్నారా ఏమిటి?"

మందులషాపావిడ ఎత్తిన చేతులు టక్కున దించేసింది. దుప్పటి కిందనుంచి కిసుక్కుమని నవ్వు. ఆ వెనకే చింపిరి జుట్టుతో తల.

"అమ్మా, నా బూట్లెక్కడ పెట్టావు?"

తమ్ముడు మాత్రం మందులషాపావిడ వైపు జాలిగా చూస్తూ జేబులోంచి అసలు హెడ్‌ఫోన్లు తీశాడు.

"బెంగపడకండి. తగ్గే మోత కూడా ఉంది."