చీనీ తోటలో ఎర్ర పొటాష్

"...అయితే తప్పు ఆ రైలుదా?" బయమ్మ గొంతు వంటింట్లోంచి వీధిదాకా వినబడుతోంది.

"రైలుదీ కాదు, నాదీ కాదు. గుంతకల్లులో నేనెక్కింది బళ్లారి బండే. బళ్లారికే పోయినా" అన్నాడు ఆమె మొగుడు పుల్లన్న.

"పెండ్లి ఆదోనిలో గదప్పా!"

"వాళ్లు తప్పు ఊర్లో పెట్టుకున్నారు."

శింగనమల చుట్టుపక్కల పుల్లన్నను ఎరిగినవాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటే. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పూ చేయలేదు. కోడలు వనజాక్షి కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన కాఫీలో చక్కెరనుకుని ఉప్పు కలుపుకున్నాడు. వనజాక్షి గ్లాసు మార్చబోయింది. "ఎండకాలం ఇట్లనే తాగల్ల పాపా" అని కళ్లు మూసుకుని గ్లాసంతా తాగేశాడు. ఆ తర్వాత, మాట నిలబెట్టుకోవడానికి, వేసవి పొడుగునా అదే కాఫీ తాగాడు.

ఇంట్లో నవ్వులు ఇలాంటివే. తోటలోకి వెళితే నవ్వు వచ్చేది కాదు. వానలు మొహం చాటేశాయి. బోరు లోతుకు దించేకొద్దీ నీళ్లు ఉప్పగా మారాయి. చీనీ అని పిలిచే బత్తాయి చెట్ల మొదళ్ల చుట్టూ నేల మీద తెల్లటి పొర కట్టింది. ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడాయి. పక్క తోటలవాళ్లు చెట్లు నరికి ఇటుక బట్టీలకు తోలేశారు. వనజాక్షి భర్త రాఘవేంద్ర కూడా కట్టెలు కొనే మార్కండేయతో మాట్లాడి వచ్చాడు.

"ఒక్క కాపు ఆగు" అంది వనజాక్షి. తోటల ఆఫీసరు మీటింగులో చెప్పింది ఆమెకు బాగా పట్టింది. నేలలో ఉప్పెక్కువైతే వేరుకు పొటాష్ అందదట, దాని బదులు సోడియం మింగుతుందట. జిప్సం వేసి, మంచినీళ్లతో ఆ సోడియాన్ని కిందికి దించాలి. తెల్ల పొటాష్ పెడితే చెట్టు ఉప్పును తట్టుకుంటుంది.

"సరే. ఈ కాపు నీది. పోతే తోట కొట్టేస్తా, మళ్లీ మాట్లాడగూడదు" అన్నాడు రాఘవేంద్ర.

అంగట్లో తెల్ల పొటాష్ లేదు. ఎర్రది ఉంది. పొటాషే కదా అనుకుంది వనజాక్షి. జిప్సం తర్వాత చూడొచ్చని, ఎర్రదే చెట్లకు వేసి తడి పెట్టింది. కొన్నాళ్లకు మిగిలిన ఆకులూ మాడాయి. పిందెలు రాలి నేలంతా పరుచుకున్నాయి.

ఆఫీసరుకు ఫోను చేసింది.

"ఎర్రదాంట్లో క్లోరైడ్ ఉంటాదమ్మా. చీనీకి పడేది కాదది. ఉప్పు మీద ఉప్పేసినారు."

"బతకవా సార్?"

"కొమ్మల్లో పచ్చి ఉండేవి బతకొచ్చు. మంచి వాన పడితే ఉప్పు దిగుతాది. అప్పుడు జిప్సం, తెల్ల పొటాష్ పెట్టండి."

ఫోను పెట్టేసి, ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని చెట్టు కింద కూర్చుండిపోయింది. వెనక ఎప్పుడొచ్చాడో పుల్లన్న. ఆమె మొహం చూశాడు, సంచి మీది అక్షరాలు చూశాడు. "గోనె బాగుండాది" అని సంచి తీసి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మరునాడు రాఘవేంద్ర మార్కండేయను వెంటబెట్టుకుని తోటకు వచ్చాడు. ఇంట్లోవాళ్లంతా అక్కడే ఉన్నారు. రాలిన పిందెల్ని కాలితో నెట్టాడు. కింద ఇంకా కరగని ఎర్ర పలుకులు కనబడ్డాయి.

"ఎర్ర పొటాష్ ఎవరేసింది?" అని పెళ్లాం వైపు తిరిగాడు.

వనజాక్షి నోరు తెరిచింది.

"నేనే" అన్నాడు పుల్లన్న. "పాప తెల్లది తెమ్మనింది. నేను ఎర్రది తెచ్చేసినా. తప్పు నాదే."

మార్కండేయ చేతిలోంచి బీడీ జారిపోయింది. "ఏమన్నావన్నా?"

"తప్పు అన్నాను గదప్పా. ఎన్నిసార్లు చెప్పల్ల?"

బయమ్మ గబగబా వచ్చి మొగుడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఒళ్లు చల్లగానే ఉండాదే!"

పుట్టినప్పటి నుంచీ నాయన నోట 'తప్పు నాదే' అన్న మాట వినని రాఘవేంద్రకు, ఇప్పుడు ఎలా కోప్పడాలో అర్థం కాలేదు. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ పెళ్లాం కోసం తెచ్చుకున్నవి. అవి నాయనకు సరిపోవు.

"మామా, అది నువ్వు కాదు, నేను—" అంది వనజాక్షి.

పుల్లన్న కస్సుమన్నాడు. "నేను తప్పు చేసినానని నేనంటాంటే, కాదంటావేంది? అంటే నేను చెప్పేది తప్పా? ఈ ఇంట్లో నాది తప్పని చెప్పేంత పెద్దోళ్లెవరూ లేరు పాపా!"

వనజాక్షికి ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుంది.

పుల్లన్న దగ్గర్లోని చెట్టు కొమ్మను గోటితో గీకాడు. లోపల పచ్చిగా ఉంది. పక్క చెట్టుదీ గీకాడు. అది ఎండు పుల్ల. ఆ వరసలో అలాంటివే ఎక్కువ.

"మార్కండేయా, ఎండినవి కొట్టుకుని పో. పచ్చివాటి మీద చెయ్యి పడగూడదు. రేపట్నుంచి ఈ తోటలో వనజాక్షి చెప్పిందే నడుస్తాది. తెల్లది యాడుంటే ఆడికి పోయి నేను తెస్తా."