పెంటమ్మ మోకాలు

లాక్‌డౌన్‌లు ముగిసిన మరుసటి ఎండాకాలం నన్ను గగన్‌పహాడ్‌లోని ఒక యానిమేషన్ స్టూడియోలో బొమ్మల విభాగానికి హెడ్‌గా వేశారు. స్టూడియో అని పేరే గానీ అది హైవే పక్కన రేకుల షెడ్డు. తలుపులు మూసినా నెత్తిమీద విమానాల మోత ఆగేది కాదు. రిటైరయ్యేలోపు నేను చేసిన చివరి పెద్ద పని అక్కడే.

బొమ్మను ఇంత కదిలించి ఒక ఫొటో, మళ్లీ ఇంత కదిలించి ఇంకో ఫొటో తీస్తాం. వాటిని వరసగా నడిపిస్తే బొమ్మ నడుస్తుంది. బొమ్మ లోపల అల్యూమినియం తీగతో అల్లిన అస్థిపంజరం ఉంటుంది, దాన్ని ఆర్మేచర్ అంటాం. ఎముక ఉండాల్సిన చోట తీగ చుట్టూ ఎపాక్సీ ముద్ద పట్టిస్తాం, కీలు దగ్గర తీగను ఉత్తగా వదిలేస్తాం. పాదాల్లో నట్లు పెట్టి బల్ల కిందినుంచి స్క్రూ బిగిస్తే బొమ్మ పడదు.

మా సినిమాలో పెంటమ్మ అనే ముసలామె ఎయిర్‌పోర్టు గోడ పక్కన పాలకూర మడిలో కలుపు తీస్తుంది. బొమ్మ నిలబడింది, నడిచింది. గొంతుక్కూర్చోమంటే మాత్రం నడుము మడమల దాకా దిగదు, గాలిలో వేలాడుతుంది. నిర్మాత నన్ను పిలిచి, వారంలో బొమ్మ కూర్చోకపోతే సినిమా మొత్తం కంప్యూటర్‌లో చేయిస్తామని, ఇక బొమ్మల విభాగం అక్కర్లేదని చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. నా కింద బొమ్మలకు చీరలు కుట్టే యాదమ్మతో సహా అందరి పనీ ఆ మోకాలి మీదే ఉంది.

తప్పు తీగదే అనుకున్నాను. గట్టిగా ఉంటుందని ఇంకో తీగ కలిపి, డ్రిల్లు మిషన్‌తో బిర్రుగా మెలిపెట్టాను. మెలి మరీ ఎక్కువైతే తీగ పెళుసుబారుతుంది, నాకు తెలియని సంగతి కాదు. తొందరలో తెలివి పనిచేయలేదు. నాలుగుసార్లు వంచేసరికి మోకాలి దగ్గర పుటుక్కున తెగింది.

ఇక లాభం లేదని బొమ్మను పక్కన పెట్టుకుని నేలమీద నేనే గొంతుక్కూర్చున్నాను. యాదమ్మ నవ్వింది. “ఏందక్కా, గీడ గిట్ల కలుపు తీస్తున్నవా?” అంది. నవ్వితే నవ్వనీ అని టేపు పెట్టి నా కాలు కొలుచుకున్నాను. నా తొడ, పిక్క దాదాపు సమానంగా ఉన్నాయి. పెంటమ్మకు పిక్క పొడుగు, తొడ పొట్టి, అందుకే మోకాలు పూర్తిగా మడిచినా నడుము మడమలను అందడం లేదు. కాగితం మీద బొమ్మ రూపం గీసినవాళ్లు నిలబడ్డ మనిషినే గీశారు, మోకాలు చీర కిందే కదా అని ఎక్కడో పెట్టేశారు.

ఆమోదించిన బొమ్మ గీతలో బొమ్మ చేసేవాళ్లు వెంట్రుకంత కూడా మార్చకూడదు. మార్చాలంటే డైరెక్టర్ సంతకం కావాలి. మా డైరెక్టర్ విజయవాడ వైపు కుర్రాడు, మర్యాదస్తుడే. మోకాలు కిందికి జరుపుతానని అడిగితే, గీత ఖాయమైపోయింది కాబట్టి కుదరదన్నాడు. కావాలంటే పెంటమ్మ కింద ఒక చిన్న పీట వేద్దామన్నాడు. కలుపు తీసే మనిషి పీటేసుకుని కూర్చుంటుందా? చూసినవాళ్లు నవ్వరా?

బల్ల దగ్గరికొచ్చి కొత్త ఆర్మేచర్ మొదలుపెట్టాను. పిక్కలో ఎంత తగ్గించానో తొడలో అంతే పెంచాను. మొత్తం ఎత్తు మారలేదు. తీగను ఈసారి చేత్తోనే వదులుగా మెలిపెట్టాను. ఉద్యోగం పోతే పోయింది, పెంటమ్మను మాత్రం పీట ఎక్కించను అనుకున్నాను.

పరీక్ష రోజు అందరూ వచ్చారు. పెంటమ్మ మోకాళ్లు చంకల దాకా వచ్చాయి, మడమలు నేలకు ఆనాయి, చెయ్యి గడ్డిని అందుకుంది. నిర్మాత ఆ షాటు రెండుసార్లు వేయించుకుని చూసి, బొమ్మలతోనే తీద్దామన్నాడు. మోకాలు జరిపానని నేనే చెప్పాను, దాచడానికి నేనేం దొంగతనం చేయలేదు. డైరెక్టర్ ముఖం ఎర్రబడింది.

“ఇకమీద ఏదైనా మార్చేముందు నన్ను అడగండి మేడమ్,” అన్నాడు.

“అడిగిన సార్. మీరు పీట ఇచ్చిన్రు,” అన్నాను.

మర్నాడు డైరెక్టరే మారిన గీత మీద సంతకం పెట్టి పంపాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే. బొమ్మకు ఎముకలు పెట్టేముందు అది ఏం పని చేసుకుని బతుకుతుందో కనుక్కోండి. గీతకు ఆ పని చేతకాకపోతే గీతనే మార్చండి, పనిని కాదు.