ముందు దిగిన మేనేజరు

నా చిన్నప్పుడు మా ఊరికి ఒక ఇంగ్లీషు దొర ఫుట్‌బాల్ నేర్పడానికి వచ్చాడు. మాది ముదిగుబ్బ దగ్గర చిన్న పల్లె. నేను అయిదో తరగతి వరకే చదివాను, ఇంతకుముందు ఏదీ రాసింది లేదు. రాయాలంటే కొంచెం భయమే. కానీ ఆ దొర సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు, అందుకే రాస్తున్నాను.

ఆయన వాళ్ళ దేశంలో పెద్ద ఆటగాడట. మోకాలు దెబ్బతిని ఆట ఆగిపోయాక కోచ్ అయ్యాడు, తర్వాత పెద్ద పెద్ద జట్లకు మేనేజరు అయ్యాడు. చివరి జట్టు వరసగా ఓడిపోతే ఆయన్ని తీసేశారట. ఈ మాటలన్నీ మా బడి అయ్యవారు మాకు తెలుగులో చెప్పేవాడు. దొర పక్కన ఎప్పుడూ ఆయనే ఉండేవాడు.

మాకు తెలిసిన మేనేజరు ఒక్కడే, టూరింగ్ టాకీసు మేనేజరు. అందుకే మా జేజినాయన, అంటే మా తాత, మొదటిరోజే అడిగేశాడు. "ఏమప్పా, మా పిల్లోళ్లను టికెట్టు లేకుండా లోపలికి ఇడుస్తావా?"

అసలు సంగతి తెలిశాక ఆయనకు ఇంకో అనుమానం వచ్చింది. "ఆడినోళ్లు పదకొండు మందయితే నిన్నెందుకు తీసేసినారు? వాన రాకుంటే రైతును తీసేస్తారా యాడన్నా?"

అయ్యవారు ఆ మాట చెప్పగానే దొర గట్టిగా నవ్వాడు. గెలిస్తే ఆడినవాళ్ళు గెలిచినట్టు, ఓడితే మేనేజరు ఓడినట్టు, ఆ పని అంతే అన్నాడు. "ఇదేం పనప్పా" అని జేజినాయన తల గోక్కున్నాడు. నాకూ ఆ రోజు అర్థం కాలేదు.

నేను గోలు కాసేవాణ్ణి. మా నాయనకు ఈ ఆట గిట్టేది కాదు. గొర్రెల వెనక ఒక మనిషి తక్కువ అవుతున్నాడని ఆయన బాధ. నల్లమాడ పిల్లలతో పోటీ ఉందని తెలియగానే తేల్చి చెప్పేశాడు. "గెలిస్తే ఆడుకో. ఓడినావంటే రేపట్నించి బంతీ లేదు, గింతీ లేదు. కట్టె పట్టుకొని గొర్ల ఎంబడి నడువు."

పోటీ ఎండిపోయిన చెరువులో జరిగింది. చివరిదాకా రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అప్పుడు ఒక బంతి, ముసలి ఆవు నడిచినట్టు, మెల్లగా నా వైపు దొర్లుకుంటూ వచ్చింది. పట్టుకుందామని వంగాను. అది మట్టిగడ్డకు తగిలి, ఎగిరి, నా కాళ్ల సందున పోయింది. అంతే, ఓడిపోయాం.

తిరిగి వచ్చేటప్పుడు టెంపోలో మావాడొకడు అన్నాడు, "నీ కాళ్ల సందులో ఎద్దులబండి తోలొచ్చు గదరా!" అని. అందరూ నవ్వారు. నాకు మాత్రం కళ్ళు మూసినా తెరిచినా గొర్రెలే కనపడుతున్నాయి. ముందు సీట్లో దొర అయ్యవారిని ఏదో అడిగి, దారి పొడుగునా అదే మాట నోట్లో నోట్లో గొణుక్కుంటున్నాడు.

ఊరి రోడ్డు మీద మా నాయన కట్టె పట్టుకొని నిలబడి ఉన్నాడు. నేను దిగకుండా వెనకాలే నక్కి కూర్చున్నాను. అందరికంటే ముందు దొర దిగాడు. నేరుగా నాయన దగ్గరికి పోయి, అందరికీ వినపడేలా అన్నాడు.

"నేను ఓడిపోయినా, అన్నా."

అంతవరకు దొర నోట తెలుగు ఎవరమూ వినలేదు. నాయన బిత్తరపోయాడు. "నువ్వు యాడ ఆడినావు సామీ?" అన్నాడు. దొర ఇంగ్లీషులో చెప్పాడు, అయ్యవారు తెలుగు చేశాడు. పిల్లవాడి కళ్ళల్లో ఎండ పడేటట్టు నిలబెట్టింది తనేనట, తప్పంతా తనదేనట.

నేను టెంపో వెనకనుంచి తల పైకెత్తి చూశాను. ఆ బంతి వచ్చినప్పుడు ఎండ నా వీపు మీద ఉంది. ఆ సంగతి దొరకూ తెలుసు. నా వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ నాయన వైపు తిరిగాడు.

నాయన కట్టెను ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "ఇంత మనిషి ఓడిపోయినా అని వచ్చి ముందర నిలబడితే నేనేమనేది?" అని అయ్యవారితో అన్నాడు. తర్వాత దొర భుజం తట్టాడు. "ఓడినోనికి ఆకలి జాస్తి. రా, సంగటి తిందువు."

మరుసటి రోజు పొద్దున నాయన ఒక్కడే గొర్రెలను తోలుకొని పోయాడు. నన్ను లేపలేదు.

బంతి ఎట్లా పట్టాలో, ఎట్లా తన్నాలో దొర మాకు చాలా నేర్పాడు. అవి ఇంకెవరైనా నేర్పగలరు. ఇప్పుడు నేను బుక్కరాయసముద్రంలో టెంపో తోలుకుంటూ, సాయంత్రం పూట పిల్లలకు ఆట నేర్పిస్తున్నాను. పెద్ద జట్టు కాకపోయినా నేనూ మేనేజరునే. మా పిల్లలు ఓడిన రోజు బండి ఆగగానే ముందు నేనే దిగుతాను. ఎదురుగా ఎవరి నాయన ఎంత కోపంగా నిలబడి ఉన్నా సరే, చెప్పాల్సిన మాట నాకు నోటికి వచ్చు. గెలిచిన రోజు మాత్రం దిగను. స్టీరింగు పట్టుకొని అట్లే కూర్చొని, వాళ్ళు కేకలు పెట్టుకుంటూ దుంకుతుంటే చూస్తుంటాను.