కక్కు, కళ్యాణం, పల్లేరు కషాయం

పెళ్లిలో వంకాయ కూర మాడిందనీ, పప్పులో ఉప్పు మరిచారనీ ఏళ్లతరబడి చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. అవీ ఒక విపత్తులేనా? జీలకర్ర బెల్లం పెట్టే వేళకు పెళ్లికూతురే పీటల మీద నుంచి లేచి పరుగెత్తడం ఎప్పుడైనా చూశారా? తొంభైల మొదట్లో మా సూర్యాపేట జనం చూశారు. పరుగెత్తింది నేనే.

అప్పుడే డిగ్రీ అయిపోయింది. మా కాలేజీలో ఆడపిల్లల బాత్రూం సంగతి మర్యాదస్తులు రాయరు కనుక నేనూ రాయను. పొద్దున బయల్దేరి సాయంత్రం ఇల్లు చేరేదాకా మంచినీళ్లు ముట్టకూడదన్నదే అక్కడ మేం నేర్చిన మొదటి పాఠం. దాని ఫలం మూత్రంలో మంట. తగ్గేది, మళ్లీ వచ్చేది, పిలవని చుట్టంలా. డాక్టరమ్మ పరీక్ష చేయించి, "గోలీలన్నీ వాడాలి, నీళ్లు బాగా తాగాలి" అని చెప్పి పంపేది. మంట చల్లారగానే నేను మిగిలిన గోలీలను అటక మీదికి విసిరేసేదాన్ని.

సరిగ్గా పెళ్లికి ముందు ఆ చుట్టం మళ్లీ దిగింది.

అబ్బాయిది కోదాడ. నాకు తెగ నచ్చాడు. ఆ మాట అప్పుడు ఎవరికీ చెప్పలేదు గానీ మీకు చెబితే ఏం పోయింది! ఈ ముహూర్తం దాటితే మూఢం వస్తుందనీ, మళ్లీ శ్రావణం దాకా పెళ్లి మాటే లేదనీ పంతులుగారు చెప్పారు. అంతకాలం ఆగితే కోదాడవాళ్ల మనసు మారదని ఎవరు పూచీ?

మిర్యాలగూడ పక్కన వేములపల్లి నుంచి వచ్చిన మా అమ్మమ్మ నన్ను చూడగానే పట్టేసింది.

"ఏందే, గట్ల వంగి నడుస్తున్నవ్? మంటనా?"

"మెల్లగ మాట్లాడు అమ్మమ్మ!"

"దవాఖాన గోలీలు మింగలేదా?"

"తగ్గిందని బంద్ చేసిన."

"సగం ఆర్పిన పొయ్యి మల్ల అంటుకోదా మరి? పెళ్లి కాంగనే డాక్టరమ్మ కాడికి పో. అప్పటిదాక నేను సల్లగ చేస్త."

పెళ్లినాడు పొద్దున్నే, పొలం గట్ల మీద ఏరుకొచ్చిన పల్లేరు కాయలు దంచి, ధనియాలేసి, పెరట్లో స్నానాల పొయ్యి మీద సర్వ నిండా కషాయం కాచింది.

"కాళ్లల్ల గుచ్చుకునే ముండ్లు తాగాల్నా?"

"గుచ్చుకునేదే సలువ. ఒక్క సిన్న గిలాస తాగు, అంతే. మందును మందు లెక్కనే తాగాలె, పెళ్లిల పాయసం లెక్క కాదు."

అమ్మమ్మ అటు తిరిగింది. నా డిగ్రీ బుర్ర ఇటు పనిచేసింది. చిన్న గిలాస కొంచెం తగ్గిస్తే, సర్వ మొత్తం పూర్తిగా తగ్గించదా? లెక్క తిరుగులేదు. సర్వ ఎత్తి తాగేశాను. పైన బార్లీ నీళ్లు. ఆ పైన మజ్జిగ. పెళ్లికూతురు ఉపవాసం ఉండాలి నిజమే గానీ, మందుకు ఉపవాసం ఏమిటి చెప్పండి?

గౌరీపూజ దగ్గరే రెండుసార్లు లేచాను. మేనమామ నన్ను గంపలో మోసుకెళ్తుంటే చెవిలో అన్నాను.

"మామా, జర జల్ది నడు."

"చూసిండ్రా! పెళ్లికి ఎంత తొందరనో పిల్లకు!" అని మామ అరిచాడు. పందిరంతా గొల్లుమంది.

తెరకు అవతల అబ్బాయి, ఇవతల నేను. పంతులుగారు కలశంలోకి నీళ్లు పోస్తూ గంగ, యమున, గోదావరి అంటూ నదులన్నిటినీ పేరుపేరునా పిలుస్తున్నారు. ఆయన పిలిచినవన్నీ వచ్చి నాలోనే చేరుతున్నాయి.

"అమ్మా, నేను లేవాలె."

"నోర్మూసుకో. ముహూర్తం అయ్యేదాక ఆపుకో."

"ఆగదే అమ్మా!"

కక్కొచ్చినా కళ్యాణమొచ్చినా ఆగదంటారు. ఆ సామెత కట్టినాయన ఆగని మూడోదాన్ని మరిచిపోయాడు. నా సంగతి ఇంకా ఘోరం, కళ్యాణమూ అదీ ఒక్కసారే వచ్చాయి. పట్టుచీర కుచ్చెళ్లు రెండు చేతులా పట్టుకుని లేచి దౌడు తీశాను.

పెళ్లికూతురు లేచిందంటే పెళ్లయిపోయిందనుకున్నారు బ్యాండువాళ్లు. గట్టిమేళం ఎత్తుకున్నారు. గట్టిమేళం వినబడితే మనవాళ్లు ఇక కళ్లతో చూస్తారా? చేతుల్లో ఉన్న అక్షింతలన్నీ విసిరేశారు. తెర వెనక బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పెళ్లికొడుకు ఒక్కడి నెత్తినే అవన్నీ పడ్డాయట. వెనక వరుసవాళ్లు భోజనాలకు కూడా లేచారట.

అబ్బాయి పెదనాన్న గొంతు పెరట్లోకి వినబడుతోంది.

"ఏంటండీ బావగారూ ఇది? పిల్లకు ఇష్టం లేదా ఏంటి?"

"అయ్యో, అదేం లేదు బావా, జర ఆగుండ్రి," మా నాన్న బతిమాలుతున్నాడు.

"మేం ఆగుతాం, ముహూర్తం ఆగుతుందా?"

బాత్రూం తలుపు తీసి బయటికి వస్తే ఎదురుగా కాబోయే అత్తగారు.

"నిజం చెప్పమ్మా. మావాడు నచ్చలేదా?"

"నచ్చిండు అత్తమ్మా! చానా నచ్చిండు!" ఏడుపొచ్చేసింది నాకు.

"మరి ఈ పరుగేంటి?"

"పల్లేరు కషాయం."

"ఎంత తాగావు?"

"సర్వెడు."

ఆమె నా మొహంలోకి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకుని మరీ నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని పందిట్లోకి నడిపించి, "గౌరమ్మకు దణ్ణం పెట్టడం మరిచిందట పిల్ల. భక్తి ఎక్కువ" అని అందరికీ చెప్పేసింది. పెదనాన్న గారు కూడా గౌరవంగా తలూపారు.

ముహూర్తం ఇంకా కొస మిగిలుంది. తెర వెనక నుంచి సన్నగా ఒక గొంతు, "ఇష్టమేనా?"

"ఇష్టమే. జల్ది కానియ్యుండ్రి," అన్నాను. రెండో వరద బయల్దేరింది మరి!

ఆ మాట తన మీద ప్రేమతో అన్నానని మా ఆయన నేటికీ మురిసిపోతుంటాడు.

కోదాడ వెళ్లాక ఒకరోజు అత్తమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసి, "ఆ కషాయం ఎలా కాస్తారో మీ అమ్మమ్మనడిగి చెప్పవే. నాకూ ఏళ్ల నుంచి ఇదే బాధ. ఎవరికని చెప్పుకోను?" అంది. నవ్వబోయి ఆగిపోయాను. ఇల్లంతా కనిపెట్టుకుని ఉండే మనిషి, ఇంత బాధను ఇన్నేళ్లు నోరు విప్పకుండా మోసిందే అని కడుపు తరుక్కుపోయింది. ఇద్దరం కలిసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఈసారి గోలీలు అటకెక్కలేదు. నీళ్ల చెంబు మాత్రం మా ఇద్దరి మధ్యే ఉండేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, వచ్చే నెల మా ఆయనకు షష్టిపూర్తి. మళ్లీ పీటలు, మళ్లీ తెర, మళ్లీ బ్యాండు. అందుచేత పాఠక మహాశయులారా, అగ్నిసాక్షిగా కాదు, జలసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఆ రోజు ఎవరేం కాచి ఇచ్చినా ఒక్క చిన్న గిలాసే తాగుతాను. బ్యాండువాళ్లకు మాత్రం నేను పరుగెత్తినా మేళం ఎత్తవద్దని ముందే చెప్పి ఉంచాను.