బయట వేసిన అతుకు

సముద్రంలో రెండుసార్లు తెప్ప తిరగబడినా ఈదుకుంటూ ఒడ్డుకొచ్చినవాడు ఎల్లాజీ. అలాంటివాడికి భయమంటే ఏమిటో ఒక సోమవారం పదకొండున్నరకి, గట్టి నేలమీద నిలబడి ఉండగా తెలిసింది.

ఫిషింగ్ హార్బరులో చిల్లుపడ్డ ఫైబర్ తెప్పలకి అతుకులు వేయడం అతని పని. ఇరవై రెండేళ్లుగా అదే పని. తను అతికిన తెప్ప మళ్లీ అదే చోట కారుతూ వెనక్కి రాలేదని అతనికో గర్వం. అడిగినా అడక్కపోయినా చెబుతాడు. ఆవేళ సింహాద్రి తెప్పని బోర్లించి, అడుగున రెజిన్ జిగురులో తడిపిన ఫైబర్ గుడ్డ పరుస్తున్నాడు.

"లోపల్నించి ఎయ్యొచ్చు కదా బావా, బోర్లించే పని తప్పుద్ది," అన్నాడు సింహాద్రి.

"నీరెటుంటే అటే ఎయ్యాలి బావా," అన్నాడు ఎల్లాజీ, పాఠం చెప్పే మేష్టారిలా. "సముద్రం బయటుంటాది. ఆ నీరే అతుకుని అదిమి పెడతాది."

ఆ మాట అనేసరికి అతని చెయ్యి ఆగిపోయింది.

శనివారం మల్కాపురంలో ఫ్లోరెన్స్ టీచరు ఇంట్లో నాలుగడుగుల చేపల తొట్టెకి అతుకు వేసి వచ్చాడు. ముందు అద్దంలో, కింది మూలన, చూపుడువేలంత బీట. చేతికి అలవాటైన పని కదా, ఆలోచించకుండా బయటవైపే వేసేశాడు. తొట్టెలో నీళ్లుండేది లోపల. అవి అతుకుని అదమవు, బయటికి తోస్తాయి. చిన్నపిల్లాడికి తట్టే సంగతి ఇరవై రెండేళ్ల పనివాడికి తట్టలేదు.

ఫ్లోరెన్స్ టీచరు దగ్గర పదకొండుమంది పసిపిల్లలుంటారు. తల్లులు పనులకి పోతూ వదిలి వెళతారు. పన్నెండింటికి ఆ తొట్టె ముందే అందరికీ అన్నాలు. వాళ్లలో అక్సా అనే నాలుగేళ్ల పిల్ల చేపల్ని చూస్తే తప్ప ముద్ద మింగదు. సందు దొరికితే లేచెళ్లి అద్దానికి చెంప ఆనించి తింటుంది.

ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. పిల్లలున్నంతసేపూ టీచరమ్మ ఫోను బీరువాలో పెట్టేస్తుంది. మంచి అలవాటే. ఆ మంచి అలవాటుని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ బండి తీశాడు.

కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీలు కదల్లేదు. రెండు వందల లీటర్ల నీళ్లు, గాజు పెంకులు, అక్సా చెంప. వద్దనుకున్నకొద్దీ అవే కళ్లముందు. చచ్చేంత భయం వేసింది. మల్కాపురంలో వీధి మొదట జనం గుమిగూడి కనిపించేసరికి బండి అక్కడే వదిలి పరిగెత్తాడు. తీరా చూస్తే కూరల బండి.

తొట్టె నిలబడే ఉంది. పిల్లలు దాని ముందు చాపల మీద కూర్చుని తింటున్నారు. అక్సా చెంప అద్దానికి ఆనే ఉంది. అరిస్తే ఉలిక్కిపడి అద్దాన్ని ఎక్కడ తోస్తుందోనని ఎల్లాజీ నోరు మెదపలేదు. మెల్లగా వెళ్లి, చంకల కింద చేతులు పెట్టి పిల్లని ఎత్తి దూరంగా దింపాడు.

"పిల్లల్ని అవతలి గదిలోకి పట్టుకెళ్లండి టీచరుగారూ. ముందు పట్టుకెళ్లండి, తరవాత సెప్తాను."

గొట్టం పెట్టి నీళ్లన్నీ పెరట్లోకి తోడేశాడు. చేపల్ని బకెట్లో వేశాడు. అతుకు అంచున గోరు పెట్టి లాగితే, మొత్తం ఒకే ముక్కగా ఊడి చేతిలోకొచ్చింది. దాని వెనక అంతా తడి.

"తప్పు పని సేసాను. లోపల ఎయ్యాల్సింది బయట ఏసాను," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక పని విషయంలో అతను ఆ మాట అనడం అదే మొదలు.

ఫ్లోరెన్స్ వంగి చూసింది. "బీట పెరగలేదు కదా అన్నయ్యా, అంతే ఉంది. ఇప్పుడు లోపల వేసీండి. తొట్టె లేకపోతే అక్సా అన్నం ముట్టదు. సాయంత్రం వాళ్లమ్మకి నేనేటి చెప్పను?"

వేయొచ్చు. లోపల వేస్తే చాలామటుకు నిలుస్తుంది. తన పేరూ నిలుస్తుంది. అద్దం తుడిచి రెజిన్ డబ్బా మూత తీశాడు. అప్పుడు చాపల మీద చూపు పడింది. శనివారం అవి తొట్టెకి నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. ఇవాళ స్టాండుకి ఆనుకుని ఉన్నాయి.

"సాపలు ఎవరు జరిపేరు?"

"నేనే. ఏనుగొచ్చి గుద్దినా ఏటీ అవదని మీరే అన్నారు కదా. అంతవరకూ భయపడి దూరంగా వేసేదాన్ని."

ఎల్లాజీ చేతిలో డబ్బా కింద పెట్టాడు. బీట కారుతున్నన్నాళ్లూ ఆవిడ భయం పిల్లల్ని కాపాడింది. తన మాట వాళ్లని తీసుకొచ్చి అద్దం ముందు కూర్చోబెట్టింది. తెప్ప కారితే అందులో ఉన్నవాడికి ఈతొచ్చు, తోడిపోయడానికి డబ్బా ఉంటుంది. వీళ్లకేముంది? ఇప్పుడు మళ్లీ అతికితే ఆవిడ మళ్లీ నమ్ముతుంది. డబ్బాకి మూత పెట్టేశాడు.

"నాను ఎయ్యను టీచరుగారూ. దీన్ని పారెయ్యండి."

"అయితే ఇంకెవరినైనా పిలుస్తాను అన్నయ్యా. ఆ పిల్లని పస్తు ఉంచలేను," అందావిడ.

పిలుస్తుంది. ఎవడో వచ్చి అతికి, గట్టిగా ఉందనీ చెబుతాడు. ఎల్లాజీ ఖాళీ తొట్టెని పెరట్లోకి ఈడ్చి, గోనెపట్టా మీద పెట్టి, సుత్తితో బీట మీద ఒక్క దెబ్బ వేశాడు. గట్టిగా కూడా వేయలేదు. ముందు అద్దమంతా మూరెడేసి పెంకులుగా జారి పడింది. ఫ్లోరెన్స్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. తొట్టె పగలగొట్టినందుకు అతన్ని ఒక్క మాట అనలేదు. ఇంట్లోకి రమ్మనీ అనలేదు.

పెంకులన్నీ ఏరి గోనెలో మూటగట్టాడు. లోపల అక్సా ముందు బకెట్ పెట్టి చూపించారు. పిల్ల అందులోకి తొంగి చూసి, కంచం తోసేసి, ఏడుపు లంకించుకుంది. ఎవరు ఎత్తుకున్నా ఊరుకోలేదు.

మామూలుగా పసిపిల్ల ఏడిస్తే ఎల్లాజీ తట్టుకోలేడు. ఆవేళ గేటు పట్టుకుని, చెంప మీద గీతైనా పడని అక్సా ఊపిరి నిండా పీల్చుకుని ఏడుస్తున్న ఆ ఏడుపుని, అది ఆగేవరకూ వింటూ నిలబడ్డాడు.